నీళ్లుండగానే



మార్చి వచ్చింది. మన కొల్లేటి నుండి వలస బాతులు బయలుదేరే రోజులివి. శనివారం తెల్లవారుజామున మేము, యౌవనస్థులు నలుగురైదుగురు కలిసి గట్ల వెంబడి చూసి వస్తున్నాం. ఆటపాకలో గూళ్లు పెట్టే గూడబాతులను కూడా మనవాళ్లు సైబీరియా పక్షులంటారు గానీ, అవి మన దేశపు పక్షులే. ఉత్తరాన చలిదేశాల నుండి నిజంగా వచ్చేవి సూదితోక బాతుల్లాంటివి. మగదానికి గోధుమరంగు తల, మెడ పక్కన తెల్లచార, పొడుగాటి సన్నని తోక.

అంత దూరం ఎగరడం గొప్పే. మమ్మల్ని ఇంకా ఆశ్చర్యపరిచేది అవి లేచే సమయం. మార్చిలో కొల్లేరు ఇంకా ఎండలేదు, మేతా ఉంది. పగటి పొద్దు పెరగడాన్ని వాటి ఒళ్లే పసిగడుతుందట. ప్రయాణానికి ముందే బాగా తిని కొవ్వు కూడబెట్టుకుంటాయి. నీళ్లు తరిగి, ఎండ తరిమేదాకా ఆగవు.

యిర్మీయా 8వ అధ్యాయంలో సంకుబుడి కొంగ ప్రస్తావన మీకు గుర్తుండే ఉంటుంది. ప్రవక్త దేశం ఆ కొంగల దారిలోనే ఉంది. ఇప్పటికీ వసంతకాలంలో అవి ఆఫ్రికా నుండి యూరప్‌కు లక్షల్లో ఇశ్రాయేలు మీదుగా వెళ్తాయి. తలెత్తితే చాలు, ఎవరికైనా కనబడేవి. తిరిగి రావడం మరచిన జనం గురించి చెప్పడానికి ఆయన వాటిని చూపించాడు.

మన సంఘంలో చేపల చెరువుల దగ్గర కావలి ఉండేవారు చాలామందే. టపాకాయలు కాల్చి పక్షులను తోలడం వాళ్ల పని. వాళ్లను మేము తప్పు పట్టం, కుటుంబాలు బతికేది ఆ చేపల మీదే. పైగా ఏ గుంపు ఏ రాత్రి లేచిందో బైనాక్యులర్ పట్టుకున్న మాకన్నా వాళ్లకే బాగా తెలుసు. సూదితోక బాతులు ఎక్కువగా గింజలు, నీటి మొక్కలే తింటాయని ఒక అన్నతో అంటే, "టపాకాయకి ఆ తేడా తెలుస్తుందా అయ్యగారూ" అని నవ్వాడు.

ఆ అన్న కొడుకు మూడేళ్ల కిందట, చెరువు లీజు డబ్బుల దగ్గర మాటా మాటా పెరిగి హైదరాబాదు వెళ్లిపోయాడు. అప్పటి నుండి ఇద్దరికీ మాటల్లేవు. "వస్తాడు లెండి, నాకేదన్నా అయితే రాక చస్తాడా" అన్నాడు.

ప్రియులారా, ఈ మాట మన ఊళ్లలో ఎన్ని ఇళ్లలో విన్నామో! పదేళ్లుగా పలకరింపు లేని అన్నదమ్ములు పెట్టె పక్కన ఒకరి మీద ఒకరు పడి ఏడవడం సమాధుల తోటలో ఎన్నిసార్లు చూశామో! అప్పటికి నీళ్లు ఎండిపోయి ఉంటాయి. హైదరాబాదులోనో కువైట్‌లోనో ఉండి ఇది చదువుతున్న మన పిల్లలారా, ఈస్టర్‌కు సెలవు దొరక్కపోతే ఫోనైనా చేయండి. పెద్దవాళ్లారా, ముందు చిన్నవాళ్లే చేయాలన్న నియమం మాకు లేఖనాల్లో ఎక్కడా కనబడలేదు. తప్పిపోయిన కుమారుని కథలో పరుగెత్తింది తండ్రే కదా.

మీరే ఫోను చేయకూడదా అని ఆ అన్నను అడిగాం. నంబరు మారిందన్నాడు. కొత్తది మా వెంట ఉన్న ఒక తమ్ముడి దగ్గర ఉంది, కాగితం మీద రాసిచ్చాం. చదవలేదు. నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకొని, అవతలి గట్టున కొంగలు దిగాయంటూ టపాకాయల సంచి భుజాన వేసుకున్నాడు.