ఎ.కొండూరులో కప్పల తక్కెడ

ఆరుద్ర కార్తె ప్రవేశించి రెండు దినములు గడచిన పిమ్మట, మైలవరము మీదుగా తిరువూరు పోవు బస్సులో నేను ఎ.కొండూరు చేరునప్పటికి ప్రొద్దు వాలుచుండెను. మధ్యాహ్నము కురిసిన వానకు మామిడితోటలు కడిగినట్లుండి, దున్ని విడిచిన చేల సాళ్లలో నిలిచిన యెఱ్ఱని నీటియందు ఆకాశము తునకలు తునకలుగా కనబడుచుండెను. నా రాకకు కారణము ఒక జాబు. ఆ యూర కాపురముండి, చిరకాలము పిల్లలకు జీవశాస్త్రము బోధించి విశ్రాంతి గైకొన్న మిత్రుడొకరు, తొలకరి రాత్రి తమ చెరువుకట్టమీద ఒక్క గంటసేపు కూర్చుండిన, కప్పలను గూర్చి పుస్తకములలో చదివినదంతయు చెవులతో చదువవచ్చునని వ్రాసిరి.

దీపము చేతబట్టుకొని మేము కట్ట యెక్కునప్పటికి చెరువంతయు మ్రోగుచుండెను. మోటారు చూచుకొనుటకు వచ్చిన ముదుసలి రైతొకడు మాకు తోడయ్యెను. "ఆ బండగొంతు బోదురుకప్పదండీ. ఈ గరగరలాడేది చిట్టికప్ప. బొటనవేలంత ఉండదు గాని ఊరంతా వినపడుద్ది" అని అతడు ఆ చీకటిలోనే ఒక్కొక్కదానిని వేరుచేసి చెప్పెను. తన చిన్నతనమున వానలు ముఖము చాటువేసిన యేట రోకలికి కప్పను గట్టి, వేపమండలు చుట్టి, కప్పతల్లి ఆడుచు ఇంటింట నీళ్లు పోయించిన ముచ్చటయు జెప్పెను. వానకును కప్పకును గల చుట్టరికము మన పూర్వులకు క్రొత్త కాదు. ఋగ్వేదమున మండూకములకు ఒక సూక్తమే కలదు. అమరసింహుడు మండూకము, దర్దురము, భేకము, ప్లవము, శాలూరము, వర్షాభువు అని యొక్క ప్రాణికి ఆరు పేరులు గూర్చెను. నిఘంటువున ఒక ప్రాణికి పెక్కు పేరులుండగా, అడవిలో ఒక పేరు చాటున పెక్కు ప్రాణులు దాగియున్నవని నాకు తెలిసినది ఆ రాత్రియే.

మేము ఇల్లు చేరునప్పటికి వసారా గోడమీద, దీపమునకు మూరెడు దూరమున, లేత గోధుమవన్నె చెట్టుకప్ప యొకటి వ్రేళ్ల కొనల బిళ్లలతో అంటుకొని యుండెను. మిత్రుడు దానిని తోలక, కుర్చీ దగ్గరకు జరిపి కూర్చుండి, దాని వంశవృత్తాంతము చెప్పసాగిరి. నీటిపైకి వ్రాలిన కొమ్మలకు నురుగుగూడు కట్టి అందు గ్రుడ్లు పెట్టు నీ కప్ప రాకోఫోరిడే కుటుంబమునకు చెందినది. సహ్యాద్రి వర్షారణ్యములలో బ్రతుకు చిన్నచిన్న పొదకప్పలు దీని దాయాదులే. వాని యందు తోకకప్ప దశ నీటిలో గడవదు. తడియాకుల నడుమ, వెదురు మొదళ్లలో పెట్టిన గ్రుడ్లనుండి తల్లిదండ్రుల రూపముతోనే పిల్లలు వెలువడును. కావున వానికి చెరువక్కరలేదు; అడవి గాలియందలి చెమ్మయే వాని చెరువు. పైనున్న పందిరి కొట్టివేసిన నాడు ఆ చెమ్మ యారిపోవును, గ్రుడ్లు ఎండిపోవును.

వీనిని ఎంచి వర్గీకరించుట నిజముగా కప్పల తక్కెడయే యయ్యెను. 1848లో ఏర్పడిన ఫిలాటస్ అను ప్రజాతి యను నొక్క గంపలో, దక్షిణ భారతమునందును సింహళమునందును దొరికిన పొదకప్పలు అనేకము చిరకాలము పడియుండెను. రూపమున ఒకదానినొకటి పోలియుండుటచే కంటితో విడదీయుట దుర్లభము. కూతను, జన్యుపదార్థమును పరీక్షించిన పిమ్మటగాని భేదములు తేటపడలేదు. 2009లో ఎస్.డి. బిజు, ఫ్రాంకీ బోసూయ్ పడమటి కనుమలనుండి ఒక్కమారుగా 12 క్రొత్త జాతులను వర్ణించిరి. మరుసటి యేట అచ్చటి పొదకప్పలకు రావోర్కెస్టిస్ అను ప్రత్యేక ప్రజాతి యేర్పడెను. ఆ పేరులోని 'రావు', బెంగుళూరు సెంట్రల్ కళాశాలలో జంతుశాస్త్రము బోధించిన సి.ఆర్. నారాయణరావుగారు. 1937లో ఆయన వర్ణించిన కప్పల మూలప్రతిరూపములు తరువాతి కాలమున పోయినవి. ఆయన చెప్పినది ఏ కప్పనో నిశ్చయించుటకు తరువాతివారు మరల అడవులు పట్టి తిరుగవలసివచ్చెను.

ఆ 2010లోనే ఆనముడి శిఖరముమీద దొరికిన నారింజవన్నె పొదకప్ప, మూడు చదరపు కిలోమీటర్లకు లోబడిన చోటనే యుండుటచే, అత్యంతాపాయస్థితిలో నున్నట్లు లెక్కింపబడినది. 19వ శతాబ్దమున కనబడి మరుగుపడిన చలజోడిస్ అను ఆకుపచ్చ పొదకప్ప, నూరేండ్లకు పైగా గడచిన పిమ్మట తిరిగి దొరకినది. అది వెదురు కణుపుల లోపల గ్రుడ్లిడునని తరువాత తెలిసినది. సింహళపు కప్పలకు అంతటి భాగ్యము లేకపోయెను. అచ్చటి పొదకప్పలలో పదికి పైగా జాతులు నశించినవి. వానిలో కొన్నింటికి, మ్యూజియముల సీసాలలో నిలువయున్న పాత కళేబరములను చూచి, అవి భూమిమీద లేకుండబోయిన పిదప పేరులు పెట్టిరి. ఈ మాట చెప్పునప్పుడు మిత్రుని కంఠము తడబడెను. బారసాలయు శ్రాద్ధమును ఒక్కనాడే జరిగిన బిడ్డను తలచుకొన్నట్లు నాకును మనసు కలగెను.

మన సీమయు ఈ కథకు వెలియైనది కాదు. ఆంధ్రదేశపు తూర్పు కనుమలలో దొరికిన పొదకప్పకు 1998లో ఇంద్రనీల్ దాస్, ఎస్.కె. చందా పేరు పెట్టిరి. అదియు మొదట ఫిలాటస్ గంపలోనే చేరి, పిదప రావోర్కెస్టిస్ లోనికి మారినది. సింహళమునకే పరిమితమని తలచిన కప్పలను ఇటీవల రాయలసీమ కొండలలో భారత జంతుశాస్త్ర సర్వేక్షణ సంస్థవారు గుర్తించిరి. లంకకును మనకును ఒకప్పుడు నేల కలిసియుండెననుటకు ఈ చిన్నప్రాణులును సాక్ష్యమిచ్చుచున్నవి.

ఎ.కొండూరున వర్షారణ్యము లేదు. ఇచ్చటి కప్పలును నేటికి సామాన్యములే. అయినను కప్ప నోటితో నీరు త్రాగదు, చర్మముతో పీల్చుకొనును. కనుక నీటి దోషము దానికి సూటిగా తగులును. ఈ మండలపు తండాలలో మూత్రపిండవ్యాధి యెందరినో క్రుంగదీయుచుండగా, త్రాగునీటి మాట యెత్తిన ముఖములు చిన్నబోవుచున్నవి. ఇట్టిచోట నీటిని నమ్మి బ్రతుకు ప్రాణిని కనిపెట్టియుండుట ఉబుసుపోక పని కాదు.

తెల్లవారి బయలుదేరునప్పుడు మిత్రుడు తమ గోడకు వ్రేలాడు పంచాంగము చూపిరి. మృగశిర మొదలుకొని ఏ కార్తెలో, ఏ రాత్రి, ఏ కప్ప కూసెనో పుట పుటకు అంచున పెన్సిలుతో వ్రాసియుండిరి. రెండు పుటలలో ఆ ముదుసలి రైతు చెప్పగా వ్రాసిన గుర్తులును కలవు. పాఠకులారా, మీ యింట పంచాంగమున్నది, మీ యూర చెరువున్నది. ఈ తొలకరికి ఆ పని మీరును మొదలిడుడు. గోడమీది చెట్టుకప్పను చీపురుతో కొట్టకుడు.