దాని తర్వాత ఏమిటి?

జనవరి 6

పుస్తక ప్రదర్శన నుంచి ఇప్పుడే వచ్చాను. చెప్పుల నిండా దుమ్ము. ఏటా నాదొక పద్ధతి: ఎప్పట్నుంచో కొనాలనుకుంటున్నది ఒకటి, నాకు బొత్తిగా సంబంధం లేనిది ఒకటి. ఈసారి మొదటిది ఏనుగుల వీరాస్వామి 'కాశీయాత్ర చరిత్ర'. పాత ప్రతి పట్టుకెళ్లినాయన మనవరాలి పెళ్లికి కూడా పిలిచాడు గానీ పుస్తకం మాత్రం తిరిగివ్వలేదు. రెండోది పాడిపశువుల జబ్బుల మీద చిన్న పుస్తకం. సంచీలోంచి తీస్తుంటే కోడలు చూసి, "మావయ్యగారూ, మనింట్లో గేదె ఎక్కడుందండీ?" అంది. మాది మూడో అంతస్తు ఫ్లాటు.

జనవరి 9

వీరాస్వామి మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ. 1830 మే 18న చెన్నపట్నంలో బయల్దేరి 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరాడు. వెళ్లేటప్పుడు శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు. వచ్చేటప్పుడు గయ, కలకత్తా, పూరీ. దారి పొడుగునా తను రాసి పంపినవన్నీ స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లె దాచి, 1838లో అచ్చు వేయించాడు. అప్పటికి వీరాస్వామి లేడు.

కాలేజీ రోజుల్లో గుళ్లూ తీర్థాలూ ఉన్న పేజీలే నాకు రుచించాయి. ఇప్పుడు చూపు వేరేచోట ఆగుతోంది. మజిలీలో మంచినీళ్లున్నాయా, దినుసులు దొరుకుతాయా, దారి రాతినేలా రేగడా, బోయీలు నడవగలరా? కాశీకి పోతూ దారిని ఇంత శ్రద్ధగా చూసిన మనిషి మరొకడు తెలుగులో నాకు తగల్లేదు. పక్కన అట్లాసు పెట్టుకుని పూటకు నాలుగు మజిలీలు చాలు. అంతకు మించితే ఊళ్ల పేర్లు కలగాపులగం.

కనుమ

ఇంటినిండా జనం. చదువు సున్న. మనవరాలు తెచ్చుకున్న జపాను బొమ్మల పుస్తకం అందుకుంటే, "తాతయ్యా, అది చివరి పేజీ. అటు నుంచి తెరవాలి" అంది. ఉర్దూ పుస్తకంలా కుడి నుంచి ఎడమకు పోవాలిట. ఒక పేజీలో మాటే లేదు, అంతా వాన. నేను గబుక్కున తిప్పేస్తే, "అది కూడా చదవాలి" అని వెనక్కి తిప్పించింది. చందమామలో బొమ్మ కథ పక్కన నిలబడేది. ఇందులో కథ చెప్పేది బొమ్మే. అలవాటు పడాలంటే నాకు కొంచెం టైము పట్టేలా ఉంది.

జనవరి 24

పక్క ఫ్లాటు కుర్రాడు ఫోనులో 'తప్పక చదవాల్సిన వంద పుస్తకాలు' చూపించి, ఎక్కణ్ణుంచి మొదలెట్టమంటారంకుల్ అన్నాడు. జాబితాలంటే నాకు గురి లేదు. ఆఖరుగా ఏది నచ్చిందని అడిగాను. 'తులసిదళం' అన్నాడు. అయితే వెంటనే ఇంకో యండమూరి తీయకు, చేతబడి మీద హేతువాదులు ఏం రాశారో చదువు అన్నాను. మొహం అదోలా పెట్టాడు. చదువుతాడో లేదో.

నా అల్మరాలో 'మైదానం', 'వేయిపడగలు' ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. మా హాస్టల్లో చలం పార్టీ, విశ్వనాథ పార్టీ ఒకే బల్ల మీద భోంచేసేవి కావు. ఇటువాళ్లు అటు పుస్తకం ముట్టుకోరు, తిట్టడం మాత్రం కంఠతా. ఒకే నెలలో రెండూ చదివితే అసలు మజా. 'మైదానం'లో రాజేశ్వరి ఇల్లొదిలి వెళ్లిపోయిన వేడి ఇంకా తగ్గకుండానే 'వేయిపడగలు' ధర్మారావు దగ్గరికి వస్తే, ఆయన దేన్ని నిలబెట్టాలని అంతగా తంటాలు పడుతున్నాడో మామూలు కంటే స్పష్టంగా కనబడుతుంది. ఆయనతో ఏకీభవించనక్కర్లేదు. నేను ఇప్పటికీ సగం పేజీల్లో పోట్లాడతాను.

ఫిబ్రవరి 1

అద్దె పుస్తకాల షాపు గుర్తొచ్చింది. అట్టకి అట్ట, దానిమీద సూదీ దారంతో కుట్టు. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ నవలల్లో ఆఖరి పేజీలే చిరిగి ఉండేవి. యుగంధర్ హంతకుణ్ణి ఎలా పట్టుకున్నాడో షాపాయన నోటితోనే చెప్పేవాడు. దానికి వేరే అద్దె తీసుకునేవాడు కాడు.

ఫిబ్రవరి 7

మాలతీ చందూర్ 'పాత కెరటాలు' మళ్లీ తిరగేస్తున్నాను. ఇంగ్లీషు నవల మొత్తాన్నీ కొన్ని పేజీల్లో చెప్పేస్తుంది, ముగింపుతో సహా. అది చదవడం కాదని మూతి విరిచేవాళ్లు అప్పుడూ ఉన్నారు. నా అనుభవం వేరు. కథ ముందే తెలిసిపోవడం వల్ల అసలు నవల్లోకి బెరుకు లేకుండా దిగగలిగాను. డిక్షనరీ తీయకపోయినా దారి తప్పేవాణ్ణి కాదు. వంటల పుస్తకంతో ఎన్నో వంటిళ్లలోకి వెళ్లిందీ ఈవిడే. చారు పెట్టడమైనా, నవల చెప్పడమైనా అవతలివాళ్లకి చేతకాదేమోనన్న చులకన ఆ రాతలో లేదు.

ఫిబ్రవరి 12

పశువుల పుస్తకం పూర్తయింది. జబ్బవాపులో వాచినచోట నొక్కితే చరచర మంటుందిట. గాలికుంటుకి ముందే టీకా వేయించుకోవడం తప్ప దారి లేదు. లక్షణం, చేయాల్సింది, చేయకూడనిది. ఎక్కడా ఒక్క విశేషణం దండగ చేయలేదు. కథలు రాసేవాళ్లు కొందరికి కొనిపెట్టాలనిపించింది.

ఆ ఊపులోనే కేశవరెడ్డి 'అతడు అడవిని జయించాడు' తీశాను. తప్పిపోయిన సుక్కపందిని వెతుక్కుంటూ ముసలాయన అడవిలోకి పోతాడు. దీన్ని హెమింగ్వే ముసలాయన పక్కన పెట్టి చూడటం రివాజు. నాకు మాత్రం ఆ పశువుల డాక్టరు పుస్తకం పక్కనే బాగా కుదిరింది. ఈనిన పశువు ఒక్కోసారి పెంచినవాణ్ణి కూడా దగ్గరకు రానివ్వదని అందులో ఒక్క వాక్యం ఉంది. కేశవరెడ్డి ఆ వాక్యం మీదే మనల్ని రాత్రంతా అడవిలో కూచోబెడతాడు. రాసినాయన కూడా డాక్టరే, కుష్ఠురోగులకు వైద్యం చేసినవాడు. జాలి మాటలు ఎంత పొదుపుగా వాడాడో!

ఫిబ్రవరి 14

దాని తర్వాత ఏమిటంటే 'నరావతారం' తట్టింది. జంతువు మనిషెలా అయిందో నండూరి రామమోహనరావు చెప్పింది. అల్మరాలో లేదు. రేపు ఠాగూర్ లైబ్రరీలో అడగాలి. అక్కడ లేకపోతే లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల షాపులు చూస్తాను. కోడలికి కూడా అటేదో పని ఉందిట, బేరం తను ఆడతానంది.