కదలని కటకము

మా తండ్రిగారి ట్రంకుపెట్టెలో, పాత పంచెల క్రింద, తోలుసంచిలో ఒక మడత కెమేరా దొరకెను. ఆయన విశాఖపట్టణపు రేవులో గుమాస్తాగా నున్న దినములలో, ఓడ దిగివచ్చిన యొక నావికునియొద్ద దానిని కొనిరట. 1933వ సంవత్సరమున రేవు తెరువబడినది మొదలు ఇట్టి వస్తువులు ఈ యూర నెన్ని యిండ్లకు చేరెనో! తోలుతిత్తికి చిల్లులు లేవు. షట్టరు చిటుక్కుమని పలుకుచున్నది. కటకములందు బూజు సైతము స్వల్పమే. దూరమును సరిచేయు ముందరి వలయము మాత్రము సీసము పోసినట్లు బిగిసియుండెను.

మేమిద్దరము అన్నదమ్ములము, ఈ పాఠశాలలోనే చదువుకొన్నవారము. తమ్ముడు ఉక్కు కర్మాగారమున యంత్రముల మరమ్మతు చేయువాడు. తుప్పుపట్టిన బోల్టులతో నిత్యము పోరాడు చేతులకు ఈ చిన్న వలయ మొక లెక్కయా? గుడ్డ చుట్టి బలముగా త్రిప్పగా నది తిరిగెను. మేము పొంగిపోయి, ఫిలిము వేసి, అమ్మను వరండాలో కూర్చుండబెట్టి, పండ్రెండు బొమ్మలును ఆమెవే తీసితిమి. అమ్మకు ఎనుబది యేండ్లు దాటినవి. ఫొటో యన్నచో ముఖము త్రిప్పుకొను స్వభావము ఆమెది. నాన్నగారి కెమేరా యనుటచే మాత్రమే ఆ దినమున నొప్పుకొనెను.

పండ్రెండును మసకలే. అమ్మ యొక్కొక్కదానిని కంటికి దగ్గరగా పట్టుకొని చూచి, “బాగానే ఉన్నాయి గానీ, నా కళ్లే మసకలైపోయాయిరా” అనెను. ఆమెకు శుక్లముల శస్త్రచికిత్స జరుగవలసియుండెను. తప్పు కన్నులది కాదని చెప్పుటకు మాకు నోరు రాలేదు.

అసలు సంగతి కెమేరాను విప్పినపుడు గాని తెలియలేదు. ఇందు మూడు కటకములు వేరువేరుగా నుండును. 1893లో డెన్నిస్ టేలరను ఆంగ్లేయుడు కల్పించిన కూర్పు ఇది. మొదటి కటకము మరచుట్లమీద తిరుగుచు రెండవదానికి దగ్గరగా గాని దూరముగా గాని జరుగును. ఆ వెంట్రుకవాసి జరుగుబాటుచేతనే సమీపవస్తువులును దూరవస్తువులును స్ఫుటముగా పడును. మరలకు పూసిన గ్రీజులోని నూనె దశాబ్దములు గడచునప్పటికి విడివడి పోగా, మిగిలినది బంకయై గట్టిపడును. ఉప్పుగాలికి ఇత్తడి చిలుముపట్టుట మా యూర మరియొక కీడు. మేము బలము చూపగా, విడవలసిన చోట విడువక, మొదటి రెండు కటకములును అంటుకొనియే కలిసి తిరిగినవి. వలయముమీది అంకె సరిగానే యున్నది. లోపల నడిమి కటకము తన స్థానము తప్పినది.

ఈ మారు తమ్ముడు పట్టకారు ముట్టలేదు. పలుచని ఇత్తడి వలయము రవంత నొక్కుపడి గుండ్రదనము తప్పెనా, ఇక నెన్నటికిని తిరుగదు. అనంతదూరపు గురుతున్నచోట గీత గీసికొని, మూడు చిన్న మరమేకులను వదలించి వలయమును తీసితిమి. అంటుకొన్న రెండు కటకములను షట్టరునుండి విప్పి, సందులో లైటరుద్రవమును చుక్కచుక్కగా విడిచితిమి. అది భగ్గున మండునది; పిల్లలు దానిని ముట్టరాదు. పూర్తిగా ఆరినపిదప, తెరచిన కిటికీయొద్ద, జుట్టు నారబెట్టు యంత్రముతో కొంచెము వెచ్చజేసి, సైకిలు ట్యూబు ముక్కలతో చేతిపట్టు చిక్కించుకొని, అటు నిటు మెల్లగా త్రిప్పజూచితిమి. కదలలేదు. ఇట్లు ఆరు సాయంకాలములు. ఏడవనాడు గోరంత కదలెను. ఆ సంతోషమున మేము వేసిన కేకకు అమ్మ వంటింటినుండి పరుగెత్తివచ్చెను.

రెండును విడిపోవుచోటును గురుతు పెట్టుట మరవలేదు. కొన్ని మరలకు మొదళ్లు అనేకము. తప్పు మొదట ఎక్కించినచో దూరవస్తువు లెన్నటికిని స్ఫుటము కావు. పాత బంకను దూదితోను వెదురుపుల్లతోను తీసి, క్రొత్త గ్రీజు పూసీపూయనట్లు పూసితిమి. కుట్టుమిషను నూనె వేయుదమని మొదట ననుకొన్నమాట నిజమే. అది వేడికి ప్రాకి షట్టరు రేకులను చేరునని తెలిసి మానితిమి.

నడిమి కటకమును తుదివరకు బిగించి, మరునాడు తెల్లవారకముందే రామకృష్ణా బీచికి పోతిమి. పొద్దెక్కినచో నీటిమీద ఆవిరి లేచి దూరపు రూపులు వణకును. ఫిలిము నిలుచుచోట గరుకుటద్దము నుంచి, షట్టరును తెరచిపట్టి, డాల్ఫిన్స్ నోస్ కొండమీది దీపస్తంభమువైపు త్రిప్పితిమి. అద్దముమీద కొండ తలక్రిందుగా, మబ్బువలె కనబడెను. ముందరి కటకమును కొంచెము కొంచెముగా త్రిప్పుచుండగా, భూతద్దములో దీపస్తంభపు అంచు సూదిమొనవలె తేలెను. తమ్ముడు ఊపిరి బిగబట్టి వలయమును అనంతదూరపు గురుతున కుంచి మరమేకులు బిగించెను.

అమ్మ శస్త్రచికిత్స కార్తికమాసమున జరిగెను. తరువాత అదే వరండాలో, అదే కుర్చీలో, మరల పండ్రెండు బొమ్మలు తీసితిమి. ఈ మారు కనుబొమ్మల వెంట్రుకలు సైతము లెక్కింపవచ్చును. అప్పుడు గాని మొదటి బొమ్మల తప్పు మాదేయని ఆమెకు చెప్పలేదు. అమ్మ చాలసేపు చూచి, “ఇన్ని ముడతలట్రా నాకు? ముందువే నయం” అనెను. ఆ మసక బొమ్మలు పండ్రెండును ఇప్పటికిని ఆమె దిండు క్రిందనే యున్నవి.