ఓడిపోయినా పాయింటొచ్చే ఆట

2024 మార్చిలో టెక్సస్‌లో మా అబ్బాయి వాళ్లింట్లో ఉన్నాం. ఓ శనివారం పొద్దున్నే మనవరాలు "తాతయ్యా, మా రోబో ఆట చూద్దువుగాని రా" అంటూ ఓ హైస్కూలు జిమ్‌కి లాక్కెళ్లింది. గుమ్మంలోనే నా చేతిలో ప్లాస్టిక్ కళ్లద్దాలు పెట్టారు. "నాకున్నాయి కదమ్మా" అన్నా వినలేదు. రోబోల దగ్గరికెళ్తే ఎవరైనా సరే పెట్టుకోవాల్సిందేనట. అద్దాల మీద అద్దాలతో లోపలికెళ్లాను.

లోపల తిరునాళ్లే! టీముకో బల్ల, బల్ల మీద స్పానర్లు, వైర్లు. మైకులో ఒక టీముకి బెల్టు కావాలన్నారు. వెంటనే పక్క టీము పిల్లాడు తమ పెట్టెలోంచి తీసుకుని పరుగెత్తాడు. "పోటీలో ఎదుటివాళ్లకి ఇస్తున్నాడేంటే?" అన్నాను. "ఈ మ్యాచ్‌లో ఎదుటివాళ్లు వచ్చే మ్యాచ్‌లో మన పక్కనే ఉండొచ్చు తాతయ్యా" అంది.

నిజమే. అటు మూడు టీములు, ఇటు మూడు టీములు. లీగ్ మ్యాచుల్లో ఎవరు ఎవరితో కలవాలో నిర్వాహకుల జాబితానే తేలుస్తుంది. ఎర్ర జట్టుకి ఆడితే రోబోకి ఎర్ర తొడుగు, నీలం జట్టుకైతే నీలం తొడుగు.

ఆ ఏడాది ఆట పేరు క్రెసెండో. నోట్లు ఏరుకుని స్పీకర్‌లో వేయాలి. నోటు అంటే మనకి డబ్బే గుర్తొస్తుంది. ఇక్కడ మాత్రం నారింజ రంగు స్పాంజి రింగు, 14 అంగుళాల గారె అనుకోండి. ఆట రెండున్నర నిమిషాలు. మొదటి 15 సెకన్లు రోబో తనంతట తానే ఆడాలి. అప్పుడు స్పీకర్‌లో పడిన నోటుకి 5 పాయింట్లు. తర్వాత పిల్లలు నడిపేటప్పుడు 2. పక్కన ఆంప్ అనే చిన్న అరలో వేస్తే 1 పాయింటే. కానీ అక్కడ రెండు నోట్లు చేరాక బటన్ నొక్కితే 10 సెకన్ల పాటు స్పీకర్ నోటు విలువ 5 అవుతుంది. అలా నాలుగు నోట్ల దాకా. చివర్లో రోబో గొలుసు పట్టుకుని వేలాడితే 3.

ఇంకో బటన్ ఉంది. అసలు కథ దానిదే. పిల్లలు నడపడం మొదలైన 45 సెకన్లలోగా రెండు జట్లూ ఆంప్‌లోని ఒక్కో నోటు వదులుకుని ఆ బటన్ నొక్కితే, ర్యాంకింగ్ పాయింటుకి 18 నోట్లకి బదులు 15 చాలు. ఇద్దరికీ లాభమే. ఒకరు నొక్కి, రెండోవాళ్లు నొక్కకపోతే నొక్కినవాళ్ల నోటు వృథా.

మా పిల్లల టీము ఆఖరి లీగ్ మ్యాచ్‌కి తొమ్మిదో స్థానంలో ఉంది. జోడీలను ఎంచుకునే నాయకత్వం మొదటి ఎనిమిది టీములదే. బటన్ల దగ్గర నిలబడింది మా మనవరాలే. ఆంప్‌లో తొలి నోటు పడింది. లెక్కల మాస్టారిని కదా, మనసులో గుణించేశాను. ఆ నోటు దాచుకుని ఇంకోటి కలిస్తే, నాలుగు నోట్ల మీద 12 పాయింట్లు అదనం. "నొక్కకే!" అని అరిచాను. చెడుగుడు ఆడి పెరిగినవాణ్ణి, ఎదుటివాడికి లాభం చేయడం నా లెక్కలోనే లేదు.

నొక్కేసింది. ఎదుటి జట్టు బటన్ వైపే చూస్తోంది. వాళ్ల ఆంప్‌లో ఇంకా నోటే పడలేదు. నాకు చెమటలు. ఆఖరి క్షణాల్లో పడింది, వాళ్లూ నొక్కారు.

మ్యాచ్ ఓడిపోయాం. గెలిచినవాళ్లకి 2 ర్యాంకింగ్ పాయింట్లు. కానీ మావాళ్లు వేసింది 16 నోట్లు. 15 దాటాయి కాబట్టి మాకూ ఒకటొచ్చింది. దాంతో ఎనిమిదో స్థానం.

మధ్యాహ్నం నాకౌట్‌లో రెండుసార్లు ఓడి ఇంటిదారి పట్టాం. కార్లో అడిగాను, "వాళ్లు నొక్కకపోతే ఏం చేసేదానివే?"

"మ్యాచ్‌కి ముందే వెళ్లి అడిగాను తాతయ్యా. నొక్కుతామన్నారు."

నేను గుణించిన లెక్కలో ఆ మాట ఎక్కడా లేదు. ఇంటికొచ్చాక చూసుకుంటే వాళ్ల కళ్లద్దాలు ఇంకా నా ముక్కు మీదే ఉన్నాయి.