లాస్ వేగాస్‌లో పదకొండు బోర్లు

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్ళే తెలుగు తల్లిదండ్రులకు చూపించాల్సిన ఊళ్ళ జాబితా ఒకటుంది. నయాగరా, న్యూయార్కు, వైట్‌హౌస్, ఏదో ఒక వెంకటేశ్వరస్వామి గుడి. పిల్లలు పడమటి తీరంలో ఉంటే లాస్ వేగాస్ కూడా తప్పదు. జూదానికి పేరుపడ్డ ఊరికి అమ్మానాన్నల్ని తీసుకుపోవడమేమిటని ఎవరూ అనుకోరు. ‘లైట్లు బాగుంటాయి’ అంటారు.

2022 నవంబరు ఆఖర్న ఆ లైట్లు చూడ్డానికి వెళ్ళిన వాళ్ళలో కడప జిల్లా వేంపల్లె దగ్గరి పల్లెకు చెందిన దంపతులు ఉన్నారు. ఆయనకు 67, ఆమెకు 61. కాలిఫోర్నియాలో ఉండే కొడుక్కి ఆ వారం వేగాస్‌లో కంపెనీ సదస్సు. అయిదు గంటలు కారు నడిపి తీసుకొచ్చాడే గానీ పగలంతా తీరిక లేదు. డ్యాం చూపించే బస్సు టిక్కెట్లు, ఒక ఫోను, ఇరవై డాలర్ల నోట్లు కొన్ని చేతిలో పెట్టి, ‘నాయనా, సాయంత్రం ఏడుకు వస్తా, ఈ హోటలు పేరు మర్చిపోవద్దు’ అని వెళ్ళిపోయాడు. అట్లా ఆ ఇద్దరికీ ఒక రోజు దొరికింది. పెళ్ళయిన నలభై మూడేళ్ళలో పనీ పాటా లేకుండా ఇద్దరే గడిపిన రోజు బహుశా అదే మొదటిది.

అక్కడి హోటళ్ళ కట్టుబడిలో ఒక తెలివి ఉంది. లిఫ్టు దిగి వీధిలోకి పోవాలన్నా, కాఫీ తాగాలన్నా జూదశాల మధ్యలోంచే నడవాలి. కిటికీ ఉండదు, గడియారం కనపడదు. పొద్దున ఎనిమిదికే జనం యంత్రాల ముందు కూర్చుని ఉన్నారు. తన వయసే ఉన్న ఒక ముసలామె కాఫీ కప్పు పక్కన పెట్టుకుని రెప్ప వేయకుండా బొత్తాం నొక్కుతుంటే ఈమె నిలబడిపోయింది. ‘పొద్దున్నే ఇదేం పూజ తల్లీ’ అంది.

ఆడదామన్నది ఆయన కాదు, ఆమే. పిల్లోడిచ్చిన నోటు ఎట్లా మింగుతుందో చూద్దామని ఒకటి యంత్రంలో పెట్టింది. ఏడెనిమిదిసార్లు నొక్కింది. నిమ్మకాయలు, గంటలు, ఏడంకెలు గిర్రున తిరిగాయి. ఉన్నట్టుండి ఆ పెట్టె జాతరలో రంగులరాట్నంలా మోగింది. తెరమీద అంకె 86 దగ్గర ఆగింది. ఇప్పుడక్కడ నాణేలు గలగలా రాలవు, ఒక చీటీ వస్తుంది. దాన్ని ఇంకో పెట్టెలో పెడితే డబ్బిస్తుంది.

‘ఇంకొక్కసారి నొక్కు మే’ అన్నాడాయన.

‘చాల్లే. పడిన బోరు పక్కన ఇంకో బోరు ఏసినోళ్ళు మన ఊర్లో ఎవురో గుర్తుండాదా?’

ఆ మాట ఆమె నోటి నుంచి రావడానికి ఇరవై ఒక్క ఏళ్ళు పట్టింది.

మెట్ట సీమలో పుట్టినవాళ్ళకు దీని వెనక కథ విప్పి చెప్పనక్కర్లేదు. 1986 నుంచి 2009 దాకా ఆయన వేసిన బోర్లు పదకొండు. నీళ్ళు పడ్డవి రెండే. పంగల పుల్ల పట్టుకుని చేనంతా తిరిగినవాళ్ళొచ్చారు, అరచేతిలో టెంకాయ పెట్టుకుని అది నిలబడిన చోట గీత గీసినవాళ్ళొచ్చారు, పెట్టెలో మిషను తెచ్చిన చదువుకున్నవాళ్ళూ వచ్చారు. తమిళనాడు తిరుచెంగోడు బండ్లు రాత్రుళ్ళు దిగేవి. నిమ్మకాయలు కోసి, కర్పూరం వెలిగించి రిగ్గు దించితే తెల్లారేదాకా దుమ్ము. పొడి దుమ్ము తడి కావాలని బండి చుట్టూ ఊరంతా చేరి చూసేది. ఇంకో యాభై అడుగులు పోదాం అనే మాట ఎప్పుడూ తెల్లవారుజామునే వస్తుంది. అప్పటికి మనిషికి ఆలోచన ఉండదు. ఇక్కడి యంత్రాల దగ్గరా ఆ వేళకు అంతేనట.

1996లో అయిదో బోరుకు రెండున్నర ఇంచుల నీళ్ళు పడ్డాయి. నాలుగెకరాల చీనీ తోట దాని మీదే నిలబడింది. 2001లో పక్క చేనాయనకు ఆరువందల అడుగుల్లో మూడించులు పడ్డాయని ఈయనకు నిద్ర పట్టలేదు. ఆమె గాజులు, గొలుసు బ్యాంకులో కుదువబెట్టి ఆరోది వేశాడు. ఏడువందల అడుగులు పోయినా దుమ్మే. ఆ తర్వాతి కరువుకు అయిదోది కూడా ఎండిపోయింది. చీనీ చెట్లు కట్టెలకింద అమ్ముడుపోయాయి. నగలు వేలానికి పోయాయి. ఆమె ఆ రోజూ ఏమీ అనలేదు, ఆ తర్వాతా అనలేదు. నెత్తిన నీళ్ళ బిందెతో పోయేటప్పుడు కూడా అనలేదు.

పల్లెలో పదిమంది చెట్టుకింద పేకాడితే 1974 నాటి గేమింగ్ చట్టం కింద పోలీసులు పట్టుకుపోతారు. 2002లో వాల్టా చట్టం వచ్చేదాకా బోరు వేసేవాణ్ణి ఆపే నాథుడే లేడు. నెవాడా నిబంధనల ప్రకారం ఈ యంత్రాలు కాలక్రమంలో నూటికి డెబ్భై అయిదుకు తగ్గకుండా తిరిగివ్వాలి. బోరు బండికి అట్లాంటి షరతు లేదు. నీళ్ళు పడినా, పడకున్నా అడుగుకింత అని లెక్కకట్టి తీసుకుపోతుంది. ఏది పెద్ద జూదమో చెప్పడానికి పండితులు అక్కర్లేదు.

డ్యాం బస్సులో ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. బయటంతా రాళ్ళు, ముళ్ళ పొదలు. గువ్వలచెరువు ఘాటు దగ్గరి గుట్టల్లాగే ఉన్నాయిగానీ పచ్చదనం ఇంకా తక్కువ. కర్నూలు సీమలో ఏడాదికి ఆరువందల మిల్లీమీటర్లకు పైగా వాన పడితేనే మనం కరువు సీమ అంటున్నాం. వేగాస్‌లో పడేది వంద మిల్లీమీటర్లు. స్పానిష్‌లో ‘వేగాస్’ అంటే పచ్చిక బయళ్ళు. ఎడారిలో ఊట బుగ్గలు ఉండబట్టి బాటసారులు ఆ పేరు పెట్టారు. బావులు తవ్వి తోడుకుంటూ పోతే 1962కల్లా ఆ బుగ్గలు ఎండిపోయాయి.

దారిలో బౌల్డర్ సిటీ వస్తుంది. డ్యాం కట్టే కూలీల కోసం ప్రభుత్వం కట్టించిన ఊరు. నెవాడా రాష్ట్రం జూదాన్ని చట్టబద్ధం చేసింది 1931 మార్చిలో. హూవర్ డ్యాం పనులు మొదలైందీ ఆ ఏడాదే. కూలీల జీతం జూదంపాలు కాకూడదని ఆ ఊళ్ళో మాత్రం ఆట నిషేధించారు. ఈనాటికీ అక్కడ జూదశాల లేదు. బస్సులో గైడు ఈ సంగతి నవ్వుతూ చెప్పాడు. ఆయనకు సగం అర్థమైంది, సగం ఊహించుకున్నాడు.

డ్యాం ఎత్తు 726 అడుగులు. మన శ్రీశైలం 476. ఆనకట్ట మీద నిలబడి చూస్తే ఎవరికైనా ముందు కనపడేది నీళ్ళు కాదు, కొండల చుట్టూ తెల్లటి పట్టీ. నిండినప్పటి మట్టానికి గుర్తది. ఆ ఏడాది జులైలో మీడ్ సరస్సు 1937 తర్వాత ఎన్నడూ లేనంతగా దిగిపోయింది. నవంబరులోనూ నిండు మట్టానికి 170 అడుగులకు పైగా కిందే ఉంది. ‘బోరు దిగినట్టు దిగినాది’ అన్నాడు. పొద్దుటి నుంచి ఆయన ఆమెతో అన్న మొదటి మాట అది.

గైడు ఒక ఫొటో అందరికీ చూపించాడు. మునిగిపోయిన ఊరు, పేరు సెయింట్ థామస్. 1865లో వెలిసింది, సరస్సు నిండుతుంటే 1938 జూన్‌లో చివరి మనిషి పడవెక్కి పోయాడు. నీళ్ళు తగ్గేసరికి ఈ శతాబ్దం మొదట్లో గోడలు, మెట్లు మళ్ళీ బయటపడ్డాయి.

ఆమెకు ఎవరూ తర్జుమా చెయ్యక్కర్లేకపోయింది. ఆమె పుట్టిల్లు కృష్ణ ఒడ్డున, ఆత్మకూరు వైపు. 1981లో శ్రీశైలం జలాశయం కింద మునిగిన వందకు పైగా ఊళ్ళలో అదొకటి. పెళ్ళయిన రెండేళ్ళకు పుట్టింటికని వెళ్తే ఇల్లు కూల్చేసి ఉంది, తండ్రి వేపచెట్టు కింద దూలాలు లెక్కపెట్టుకుంటున్నాడు. ఏటా ఎండాకాలంలో సంగమేశ్వరం గుడి నీళ్ళలోంచి తేలినప్పుడు ఆమె తమ్ముడితో కలిసి వెళ్ళేది. అది ఇప్పుడు నంద్యాల జిల్లా కిందికి వచ్చింది. వేపమొద్దు లింగానికి దణ్ణం పెట్టుకుని, ఊరుండిన దిక్కు చూసి వచ్చేది.

‘ఆ ఊరోళ్ళకు పరిహారం ఎంతిచ్చినారో అడుగు’ అంది.

ఆయన గైడు దగ్గరిదాకా వెళ్ళి, ఇంగ్లీషు కూడదీసుకుని, అడగకుండానే తిరిగొచ్చాడు. వాళ్ళ నాన్నకు వచ్చిన పరిహారంలో కొంత తన రెండో బోరుకు పోయిన సంగతి అప్పుడు గుర్తొచ్చి ఉండాలి. ఇద్దరూ గోడకానుకుని కొడుకు కట్టించిన చిత్రాన్నం తిన్నారు. చెనిగ్గింజలు ఏరి ఆమె డబ్బాలో వేశాడాయన. ఆమెకు అవి ఇష్టం.

మధ్యాహ్నం తిరిగొచ్చాక డబుల్ డెక్కర్ బస్సెక్కి బజారంతా చూశారు. సగం ఎత్తు ఈఫిల్ టవరు, పైకప్పు మీద ఆకాశం బొమ్మ వేసిన వెనిస్ కాలువ, అందులో పాట పాడుతూ పడవ నడిపే మనిషి. చీకటి పడ్డాక మిరాజ్ హోటలు ముందు నిప్పులు కక్కే కొండ. 1989 నుంచి కక్కుతున్న ఆ కొండ 2024 జులైలో హోటలుతో పాటే మూతపడింది గనక, వాళ్ళు చూసింది ఇప్పుడెవరూ చూడలేరు.

రాత్రి ఏడున్నరకు కొడుకు వచ్చి బెలాజియో ముందు నిలబెట్టాడు. ఎనిమిదిన్నర ఎకరాల చెరువు, పన్నెండు వందలకు పైగా గొట్టాలు, పాటకు తగ్గట్టు ఊగి 460 అడుగుల దాకా లేచే నీళ్ళు. 1998 నుంచి నడుస్తోంది. చుట్టూ జనం ఫోన్లు పైకెత్తారు. ఆయన మాత్రం కంచె పట్టుకుని కిందికి వంగి చూశాడు.

‘కరువు సీమలో ఇన్ని నీళ్ళు యాడియిరా?’

‘ఊరికొచ్చే నీళ్ళు మీరు పొద్దున చూసిన చెరువువే నాయనా. నెవాడా వాటా ఏడాదికి మూడు లక్షల ఎకరా అడుగులు.’

‘టీఎంసీల్లో చెప్పు.’

కొడుకు ఫోన్లో లెక్కవేశాడు. పదమూడు. మన గండికోట జలాశయం 26.85 టీఎంసీలు. అందులో సగం నీళ్ళతో ఇరవై లక్షలు దాటిన జనం, ఏటా నాలుగు కోట్ల మంది యాత్రికులు బతుకుతున్నారన్నమాట. గదుల్లో, వంటిళ్ళలో వాడిన నీళ్ళు దాదాపు మొత్తం శుద్ధిచేసి తిరిగి ఆ సరస్సులోకే పంపిస్తారు. అలంకారానికి పెంచే పచ్చిక తీసేయాలని 2021లో చట్టమే తెచ్చారు. ఈ చెరువు మాత్రం ఆ నీళ్ళు కాదన్నాడు కొడుకు. ఇక్కడ ముందు ఇంకో హోటలు, దాని గోల్ఫ్ మైదానం ఉండేవి. ఆ గడ్డి తడపడానికి ఎప్పుడో దశాబ్దాల కింద వేసిన బోరే ఈ ఫౌంటెన్లకూ ఆధారం.

‘బోరా?’ ఆయన నిటారుగా నిలబడ్డాడు. ‘ఎన్నడుగులంట?’

‘ఇందులో రాయలేదు నాయనా.’

‘ఎన్నించులు పోస్తాది?’

‘అదీ లేదు.’

‘అసలైంది రాయకుండా ఇంకేం రాసినారురా?’

ఆమె చీర కొంగు బిగించి నవ్వింది. ఎనభై ఆరు డాలర్లు కొంగు ముడిలోనే ఉన్నాయి. మన లెక్కలో ఏడువేల రూపాయలు. ‘కేసింగు పైపులకు గూడా రావు’ అన్నాడాయన. ‘నీకెవరిస్తాండారు?’ అంది.

అక్కడ ఎనిమిది కావస్తుంటే వేంపల్లెలో మరునాటి పొద్దు తొమ్మిదిన్నర. చేనికి కరెంటు వచ్చే వేళ. ఆమె ఫోను తీసుకుని మరిదికి చేసింది. పదకొండింటిలో మిగిలింది ఒకటే, 2007లో కంచె పక్కన పడింది. దానికింద ఎకరా బెండ, కొంచెం పశువుల గడ్డి. ఆ ఏడాది వానలకు బాగానే పోస్తోంది.

‘వదినా, రెండించులు వస్తాండాయి’ అన్నాడు మరిది.

‘సన్నగా వస్తే ఆపెయ్యి నాయనా, మోటారు కాలిపోతాది’ అని ఆమె చెప్తుంటే వెనకనుంచి పాట మళ్ళీ మొదలైంది. ‘ఏంది వదినా ఆ శబ్దం, వానా?’ అని అడిగాడతను.