పాప బుద్ధిగా పడుకుందని మురిసిపోకండి

మీ ఇంట్లో పురిటిబిడ్డ ఉందా? కూతురికో కోడలికో నెలలు నిండుతున్నాయా? అయితే పొయ్యి మీద కూర కాస్త సన్నసెగన పెట్టి ఈ నాలుగు మాటలూ చదవండి.

మాది దిల్‌సుఖ్‌నగర్. పోయిన చలికాలంలో మా అమ్మాయి పురిటికి వచ్చింది. పండులాంటి ఆడపిల్ల పుట్టింది. మూడోరోజు ఇంటికి వచ్చేశాం. ఆరోరోజు పొద్దుట్నుంచీ పాప పాలకి లేవలేదు. చూడ్డానికొచ్చిన వాళ్ళంతా "ఎంత బుద్ధిమంతురాలో! తల్లిని నిద్రపోనిస్తోంది" అన్నారు. నేనూ మురిసిపోయాను.

మధ్యాహ్నం లేపి పాలు పట్టబోతే రెండు గుక్కలు చప్పరించి వదిలేసింది. అరికాళ్ళు చల్లగా ఉన్నాయి. చలికేమో అని ఇంకో దుప్పటి కప్పాను. ఒళ్ళు కాలితే కంగారు పడతాంగానీ, చల్లబడితే ఎవరు పట్టించుకుంటారు చెప్పండి? గంట గడిచాక చూస్తే పొట్ట కూడా చల్లగానే ఉంది. ఏడుపు పిల్లికూన మూలుగులా వచ్చింది. "అమ్మా, నాకు భయమేస్తోంది" అంది అమ్మాయి. అప్పుడు ఆటో ఎక్కాం. కొత్తపేట ట్రాఫిక్ దాటి ఎల్.బి.నగర్‌లో పిల్లల ఆసుపత్రికి చేరేసరికి నా ప్రాణాలు నాలో లేవు.

డాక్టరమ్మ మొదట అడిగింది జ్వరం గురించి కాదు, "చివరిసారి సరిగ్గా పాలు ఎప్పుడు తాగింది?" అని. తర్వాత నిమిషంపాటు పాప ఊపిరి లెక్కపెట్టారు. 70 వచ్చింది. 60కి లోపు ఉండాలట. "సెప్సిస్ అని అనుమానంగా ఉంది" అన్నారు. అంటే క్రిములు రక్తంలో చేరి ఒళ్ళంతా దెబ్బతీయడమన్నమాట. మొదటి మూడు రోజుల్లో వచ్చేది చాలావరకు కాన్పు సమయంలో తల్లినుంచి సోకుతుంది. తర్వాత వచ్చేది మన చేతులవల్లో, బొడ్డు ద్వారానో, ఆసుపత్రిలో పెట్టే గొట్టాలవల్లో రావచ్చు. పసివాళ్ళకి తట్టుకునే శక్తి తక్కువ. గంటల్లోనే పరిస్థితి చేయి దాటుతుంది.

ఐ.సి.యు.లో ముందు కల్చర్ కోసం రక్తం తీశారు. వెంటనే రెండు రకాల యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. "రిపోర్టు రాకుండానే మందులేమిటమ్మా?" అని నేను తగువుకి దిగాను. "క్రిమి పెరిగి కనబడడానికి రెండు రోజులు పడుతుందండీ. అంతదాకా పాప ఆగలేదు. మందు పడ్డాక రక్తం తీస్తే క్రిమి దొరక్కపోవచ్చు. అందుకే ముందు రక్తం, వెంటనే మందు" అని ఓపిగ్గా చెప్పారు.

వెన్నులోంచి నీరు తీస్తామంటే మాత్రం ససేమిరా అన్నాను. నడుం పడిపోతుందని నా భయం. జబ్బు మెదడు పొరలకి పాకిందేమో తెలియాలనీ, పాకితే మందు మోతాదూ, రోజులూ మారతాయనీ చెప్పారు. మా అమ్మాయి కళ్ళు తుడుచుకుని సంతకం పెట్టింది. ఆ తల్లికున్న ధైర్యం ఈ అమ్మమ్మకి లేకపోయింది!

వెన్నునీరు శుభ్రంగా ఉంది. రక్తంలో మాత్రం క్లెబ్సియెల్లా అనే క్రిమి బయటపడింది. మొదటి మందుకి లొంగదని తేలి, లొంగే మందుకి మార్చారు. ఢిల్లీలో 3 ఆసుపత్రుల్లో 2011 నుంచి 2014 వరకు జరిగిన పరిశీలనలో, పసివాళ్ళలో దొరికిన ఈ క్రిముల్లో సగానికి పైగా చాలా రకాల మందులకి లొంగలేదట. కల్చర్ ఎందుకో అప్పుడు అర్థమైంది. 14 రోజులు మందు పూర్తిగా వేశారు. అమ్మాయి పాలు పిండి ఇస్తే గొట్టంతో పట్టారు. ఇప్పుడు పాప ఇల్లంతా పాకుతోంది.

నేను బొడ్డుకి పసుపూ నూనే రాశాను. జబ్బు దానివల్లే వచ్చిందని డాక్టరమ్మ అనలేదు. బొడ్డుకి ఏమీ రాయకుండా పొడిగా ఉంచమనీ, సబ్బుతో చేతులు కడుక్కోనిదే పాపని ఎవరికీ ఇవ్వొద్దనీ, తేనె, ఆముదం నాకించకుండా తల్లిపాలే పట్టమనీ మాత్రం చెప్పారు.

మీరూ గుర్తుపెట్టుకోండి. పాలు తాగకపోవడం, లేపినా మత్తుగా ఉండడం, ఒళ్ళు కాలడమో చల్లబడడమో, ఆయాసం, డొక్కలు ఎగరేయడం, ఫిట్స్ - వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లారనివ్వండి అనుకోవద్దు. 108కి ఫోన్ చేయండి. తల్లి ఒంటికి పాపని హత్తుకుని, పైన దుప్పటి కప్పి తీసుకెళ్ళండి. పొద్దుటే ఆ పని చేయనందుకు నేనింకా బాధపడుతూనే ఉన్నాను.