పొగ ఎటు పోతది బిడ్డా?

ఈ ఏడు చలి తొందరపడింది. కార్తీక పున్నం దీపాలు ఇంకా ఆరకముందే వచ్చి కూర్చుంది. పొద్దున వాకిలి ఊడ్చి చాన్పి చల్లేసరికి వేళ్లు కొంకర్లు పోతున్నాయి. మా బెల్లంపల్లికి తిర్యాణి అడవుల దిక్కు నుంచి వచ్చే గాలి అట్లాంటిది. టీవీ వార్తల్లో గిన్నెధరి, సిర్పూర్ (యు), అర్లి (టి) పేర్లు రోజూ వినిపిస్తున్నాయంటే చలి ముదిరినట్టే. రాత్రి ఉష్ణోగ్రత పది డిగ్రీల కిందికి జారిందని చదువుతుంటే ఆ ఊళ్లలో పలచని చొక్కా మీదే బడికి పోయే పిల్లలు కళ్లముందు మెదులుతారు. మా వాడకట్టు ఆడవాళ్లం ఈసారి దుప్పట్లు పోగుచేస్తున్నాం. ఇంట్లో మడతపెట్టి ఉంచినవి ఉంటే మీరూ బయటికి తీయండి.

బజారులో నేపాలీల స్వెటర్ల దుకాణాలు వెలిశాయి. పచ్చి కందికాయ వచ్చింది. ఉప్పేసి ఉడకబెట్టి సాయంత్రం గిన్నె మధ్యలో పెడితే ఇంట్లోవాళ్లందరూ చుట్టూ చేరుతున్నారు. చిక్కుడుకాయ సరేసరి. కందగడ్డలు కూడా దిగాయి. మీలో కొందరు గెనుసుగడ్డ అంటారు, ఇంకొందరు చిలగడదుంప. ఏ పేరైనా నివురులో పెట్టి కాల్చినదాని రుచి కుక్కరులో ఉడికినదానికి రాదు.

ఆ కందగడ్డల మీదనే మా ఇంట్లో పొయ్యి మాట లేచింది. అమ్మకు ఎనభై దాటాయి. "బొగ్గుల పొయ్యి దించరాదే, కాళ్లు గుంజుతున్నయి" అన్నది. అటక మీద ఉన్న బకెట్ పొయ్యి దించాను. గనుల ఊళ్లలో పెరిగినవాళ్లకు దాన్ని పరిచయం చెయ్యక్కర్లేదు. మిగతావాళ్లకు చెప్తాను. పాత ఇనుప బకెట్‌కు అడుగున పక్కగా ఒక నోరు కోస్తారు. దానికి కొంచెం పైన ఇనుప చువ్వలు అడ్డంగా దూర్చి జల్లెడలా చేస్తారు. లోపల చుట్టూ రెండు వేళ్ల మందాన మట్టి మెత్తుతారు. అంతే పొయ్యి. కింది నోట్లోంచి గాలి లోపలికి పోతుంది, చువ్వల సందుల్లోంచి బూడిద కిందికి రాలుతుంది.

అంటించడంలోనే ఉంది పనితనమంతా. అడుగున పిడక ముక్కలు, వాటి మీద సన్నపుల్లలు, ఆపైన కోడిగుడ్డంత బొగ్గుపెళ్లలు. పెద్దపెళ్ల వేస్తే అంటుకోదు, పొడి వేస్తే గాలాడదు. అంటించగానే లేచే పొగ పసుపు తిరిగిన బూడిదరంగులో చిక్కగా ఉంటుంది. దాని ఘాటుకు ముక్కు మండుతుంది. ఆ పొగ పోయేదాకా పొయ్యి వాకిట్లోనే ఉండాలి. మా చిన్నప్పుడు క్వార్టర్ల వరసలో పొద్దున నాలుగున్నరకు ఇంటికో పొయ్యి వాకిట్లో పొగలు కక్కేది. ఎదురింటి గోడ కనబడేది కాదు. ముప్పావుగంటకు పొగ పలచబడి పెళ్లలన్నీ అంచుల నుంచి ఎర్రబారేవి. అప్పుడు అమ్మ బకెట్ తీగకు గుడ్డ చుట్టి పట్టుకొని వంటింటి గడప లోపలికి తెచ్చేది.

అప్పట్లో గని ఉద్యోగుల ఇళ్లకు వాడకానికి బొగ్గు దొరికేది, కాబట్టి పొయ్యికి తిండి కరువు లేదు. మా సింగరేణి బొగ్గులో బూడిద ఎక్కువ. పూటపూటకూ చాటెడు ఎత్తేవాళ్లం. వానాకాలం సందులో బురద మీద చల్లేది ఆ బూడిదే.

రాత్రి షిఫ్టు దిగి బాపు పొద్దున ఏడు దాటాక వచ్చేవాడు. బొగ్గుబాయి లోపల చలికాలమని ఉండదు, ఎప్పుడూ ఉక్కపోతే. చెమటతో తడిసిన బట్టలతో పైకి వచ్చి ఆ చల్లగాలిలో పడితే పళ్లు టకటకమని కొట్టుకుంటాయి. సైకిల్ గోడకు ఆనించి, టిఫిన్ డబ్బా అమ్మ చేతికిచ్చి, మాట్లాడకుండా పొయ్యి ముందు గొంతుక్కూర్చునేవాడు. వేళ్ల గీతల్లో నల్లగా ఇరుక్కున్న బొగ్గు, ఎదురుగా ఎర్రగా కాలుతున్న బొగ్గు. నాకు బాపు అనగానే గుర్తొచ్చేది ఆ చేతులే.

నేను ఏడో తరగతిలో ఉన్నప్పటి సంగతి ఒకటి చెప్పాలి. ఆ ఏడు సంక్రాంతి ముందర చలికి ముసురు తోడైంది. బాపు డ్యూటీలో ఉన్నాడు. తమ్ముడికి దగ్గు. అమ్మ పొయ్యిని గదిలోకి తెచ్చి, తలుపు గడియ పెట్టి, కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కింది. పొగ లేదు, వాసన లేదు, గదంతా హాయిగా వెచ్చబడింది. ఏ రాత్రప్పుడో నాకు తల పగిలిపోతున్నట్టయి మెలకువ వచ్చింది. లేవబోతే కాళ్లు నావి కానట్టున్నాయి. వాంతి అయిన చప్పుడుకు అమ్మ లేచింది. లేచిందనడం కాదు, నేల మీద పాకింది. పాక్కుంటూ పోయి గడియ తీసింది. తమ్ముడు ఎంత కదిపినా కళ్లు తెరవలేదు. ముసురులోనే అరుగు మీదికి లాగి పడుకోబెట్టాం. చాలాసేపటికి ఏడ్చాడు. ఆ ఏడుపు విని మేమిద్దరం ఏడ్చాం.

మమ్మల్ని పట్టుకున్నది కార్బన్ మోనాక్సైడ్ అని నాకు కాలేజీలో గానీ తెలియలేదు. గాలి చాలని చోట బొగ్గు గానీ కట్టె గానీ సగం సగం కాలితే అది పుడుతుంది. రంగుండదు, వాసనుండదు. రక్తంలోని హిమోగ్లోబిన్ ప్రాణవాయువును పట్టుకునేదానికంటే 200 రెట్లకు పైగా గట్టిగా దీన్ని పట్టుకుంటుంది. ఊపిరి ఆడుతూనే ఉంటుంది, ఒంటికి మాత్రం ప్రాణవాయువు అందదు. మొదట తలనొప్పి, తర్వాత వికారం, ఆపైన నిద్ర. ఆ నిద్రే ప్రమాదం. పొగ కనబడటం లేదు కదా అని ధైర్యపడకండి. ఎర్రగా, నిమ్మళంగా కాలే నిప్పు నుంచి కూడా ఇది వస్తుంది. ఎవరైనా అట్లా మత్తుగా కనిపిస్తే తలుపులు బార్లా తీసి, మనిషిని బయటి గాలికి చేర్చి, 108కి ఫోన్ చెయ్యండి. పడుకునే గదిలో మాత్రం కుంపటి వద్దు. ఏటా చలికాలంలో పేపర్లో ఇట్లాంటి వార్త కనబడుతూనే ఉంది. చదివిన ప్రతిసారీ తమ్ముడి ఏడుపు చెవిలో వినబడుతుంది.

ఆ తెల్లారే అమ్మ ఒక ఇటుక తెచ్చి తలుపుకు అడ్డం పెట్టింది. పొయ్యి లోపల ఉన్నంతసేపూ తలుపు జానెడు తెరిచే ఉండాలి, నిద్రపోయే ముందు పొయ్యి వాకిట్లోకి పోవాలి. ఇల్లు మారినప్పుడు కూడా ఆ ఇటుక మా వెంట వచ్చింది.

ఈ చలికాలంలోనే, డిసెంబర్ 23న, మా సింగరేణి ఆవిర్భావ దినం. కంపెనీ ఆ పేరుతో ఏర్పడింది 1920లో. బొగ్గు జాడ 1871లోనే ఇల్లందు దగ్గర దొరికింది, వెలుగులోకి తెచ్చినవాడు భూగర్భ సర్వే శాఖకు చెందిన విలియం కింగ్. కానీ ఇల్లందువాళ్లు చెప్పే కథే నాకిష్టం. భద్రాచలం పోయే భక్తులు దారిలో వంటకని మూడు నల్లరాళ్లు పెట్టి పొయ్యి రాజేస్తే రాళ్లే అంటుకున్నాయట. ఆ ఊరిని ఇప్పటికీ బొగ్గుట్ట అంటారు. మా బెల్లంపల్లిలో పాత బాయిలు చాలామటుకు మూతపడ్డాయి. అయినా ఆ రోజు వస్తే రిటైరైన పెద్దమనుషులు ఇస్త్రీ చొక్కాలు వేసుకొని బయల్దేరతారు.

మా అన్న కూతురు అమెరికాలో, వెర్మాంట్‌లో ఉంటుంది. మంచు తలుపు దాకా పేరుకునే చోటు. ఈమధ్యే ఇంట్లో కట్టెల పొయ్యి పెట్టించుకుంది. వీడియోలో చూపించింది: నల్లటి ఇనుప పొయ్యి, ముందర అద్దం తలుపు, వెనక పైకప్పు దాటిపోయే గొట్టం. నానమ్మ అడిగిన మొదటి మాట, "పొగ ఎటు పోతది బిడ్డా?"

ఆ పిల్ల ఓపికగా చెప్పింది. అక్కడ కట్టెలను కార్డ్ అనే లెక్కన కొంటారట. నాలుగడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు, ఎనిమిదడుగుల పొడవు పేర్చితే ఒక కార్డ్, అంటే 128 ఘనపుటడుగులు. చీల్చిన కట్టె కనీసం ఒక ఎండాకాలమన్నా గాలికి ఆరాలి. తడికట్టె కాల్చితే వేడి తక్కువ, పొగ ఎక్కువ. ఆ పొగ గొట్టం లోపల తారులా గడ్డకడుతుంది. ఎప్పుడో ఒకనాడు అదే అంటుకొని ఇల్లు కాలుతుంది. అందుకే ఏటా చలి మొదలు కాకముందే గొట్టం తోమిస్తారు. పడకగది దగ్గర కార్బన్ మోనాక్సైడ్ పసిగట్టి మోగే అలారం కూడా చూపించింది. "నీ ఇటుకలాంటిదే నానమ్మా" అన్నది. అమ్మ ఆ డబ్బాను తెర మీద చాలాసేపు చూసింది.

పొయ్యిల మాట వస్తే నాకు కేస్లాపూర్ కూడా గుర్తొస్తుంది. సంక్రాంతి తర్వాత పుష్య అమావాస్యకు అక్కడ నాగోబా జాతర. గోండుల్లో మెస్రం వంశం వాళ్లు చలిలో చెప్పుల్లేకుండా నడిచిపోయి హస్తినమడుగు నుంచి గోదావరి నీళ్లు తెస్తారు. మర్రిచెట్ల కింద బస. అక్కడ ఎన్ని వందల కుటుంబాలు దిగినా వంట మాత్రం 22 పొయ్యిల మీదనే, వరసగా ఒకరి తర్వాత ఒకరు. ఒకసారి ఆ రాత్రి అక్కడున్నాను. తమ వంతు కోసం బియ్యం గిన్నె ఒళ్లో పెట్టుకొని కూర్చున్న ఒక అవ్వ, చలికి వణుకుతున్న నన్ను చూసి జరిగి చోటిచ్చింది. భాష తెలియదు. నిప్పు వైపు చేయి చూపించి నవ్వింది.

ఆ జాతరకు ముందే భోగి వస్తుంది. మంటలో టైర్లు, ప్లాస్టిక్ వెయ్యకండి. పిడకలు, ఎండుకట్టె చాలు.

వెర్మాంట్ మేనకోడలు ఈసారి పండక్కి వస్తోంది. "అత్తా, బకెట్ పొయ్యి నేనే అంటిస్తా, కందగడ్డలు తెచ్చి పెట్టు" అని ఫోన్ చేసింది. దించిన పొయ్యిని చూస్తే లోపలి మట్టి అంతా పెచ్చులూడి ఉంది, చువ్వ ఒకటి తుప్పుపట్టి విరిగింది. ఆదివారం చెరువు కట్ట మీది నుంచి పుట్టమన్ను తేవాలి. ఊక కలిపి తొక్కి మెత్తాక నాలుగు రోజులు నీడపట్టున ఆరాలి. పాళ్లు ఎంతో అమ్మే చూసి చెప్తానంది.